గట్టు మీద రెండో గేరు

తెల్లవారుజామున నాలుగింటికి రొయ్యల గుంట గట్టు మీద బండి నడపడం ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. అది తెలియకపోతే, ఇంజిన్ కంప్యూటర్‌లో నాలుగు అంకెలు మార్పించుకోవడానికి నేను చెన్నై దాకా ఎందుకు పోయానో అర్థం కాదు.

నాది కావలి. ఆక్వా టెక్నీషియన్‌గా పని చేస్తాను. ఇస్కపల్లి, జువ్వలదిన్నె, తుమ్మలపెంట వైపు రైతుల వనామీ రకం రొయ్యల గుంటలు చూస్తాను. గుంటలో ఆక్సిజన్ అన్నిటికన్నా తగ్గిపోయే వేళ తెల్లవారే ముందే. రాత్రంతా నాచూ రొయ్యలూ పీల్చుకుంటాయి, ఎండ పొడిస్తే గానీ మళ్లీ తయారు కాదు. అందుకే ఆక్సిజన్ మీటరు పట్టుకుని నేను తిరిగేది ఆ చీకట్లోనే. డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, నాలుగు పీపీఎం కిందికి జారుతోందంటే వెంటనే రైతుకు ఫోన్ చేసి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఉన్నవన్నీ వేయించాలి. ఒక గుంట నుంచి ఇంకో గుంటకు దారి అంటే గట్టే. ఆరడుగుల వెడల్పు ఉంటే అదే ఎక్కువ. ఒక పక్క ఐదడుగుల నీళ్లు, ఇంకో పక్క మురుగు కాలువ, కింద మంచుకు తడిసిన బంకమట్టి. అక్కడ బండి పోయేది రెండో గేరులో, ఇరవై కిలోమీటర్ల వేగంతో. మీటర్‌లో 2500 ఆర్పీఎం కనబడుతుంది, అంటే ఇంజిన్ నిమిషానికి అన్ని చుట్లు తిరుగుతోందని. థ్రాటిల్, అంటే యాక్సిలరేటర్, తిప్పేది చిటికెడు.

ఆ చిటికెడు దగ్గరే నా గొడవంతా.

నా బండి నాలుగు వందల సీసీకి దగ్గర్లో ఉండే సింగిల్ సిలిండర్, 2021 మోడల్, కేబుల్ థ్రాటిల్. హైవే మీద దానికి వంక పెట్టలేం. గట్టు మీద మాత్రం మలుపులో థ్రాటిల్ మూసి, మళ్లీ కొంచెం తెరిచేసరికి ముందు ఏమీ జరగదు. ఇంకాస్త తిప్పితే ఒక్కసారిగా వెనక నుంచి ఎవరో తోసినట్టు దూకుతుంది. మూసేస్తే ముక్కు కిందికి పడేలా ఆగుతుంది. పోయిన ఏడాది ఫిబ్రవరిలో ఇస్కపల్లి దగ్గర ఒక మలుపులో అలాగే దూకింది. వెనక చక్రం బంక మీద పక్కకు జారి, ఎడమ కాలు మోకాలి దాకా గుంటలో దిగిపోయింది. బండి గట్టు అంచున వాలి నిలబడింది గానీ, భుజానికున్న మీటరు పెట్టె నీళ్లలో పడింది. కాపలా తాత టార్చి వేసి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే తాడుతోనే దాన్ని బయటికి లాగాడు. "బండి మీద పొయ్యేది వద్దబ్బయా, నడిచిపో" అన్నాడు. పదహారు గుంటలు నడిచి చూసేలోపు తెల్లారిపోతుంది.

ట్రంకు రోడ్డు పక్క సందులో నేను ఎప్పుడూ వెళ్లే మెకానిక్ భాయ్ ఉన్నాడు. కార్బ్యురేటర్ల కాలం నుంచీ ఇదే పని. రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటర్లో అంకెలు మార్పించడం, చేయించుకుందామనుకుంటున్నానని చెబితే నా ముఖం కూడా చూడలేదు. వేళ్లతో థ్రాటిల్ గ్రిప్పు పట్టుకుని ఇటూ అటూ ఊపాడు. "కంప్యూటర్ సంగతి తర్వాత, ముందు ఇది చూడు" అన్నాడు. గ్రిప్పు దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లు తిరిగిన తర్వాత గానీ కేబుల్ బిగుసుకోవడం లేదు. ఉండాల్సింది రెండు మూడు మిల్లీమీటర్లు. అంటే నా మణికట్టు కదిలిన తర్వాత కొంతసేపటి దాకా ఇంజిన్‌కు ఆ సంగతే తెలియదు.

తర్వాత చైన్. ఒక చోట బిగుతుగా, ఇంకో చోట వేలాడుతూ ఉంది. అది అయ్యాక బండిని స్టాండు మీద ఎత్తి, గేరులో వేసి, వెనక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ ఆడించాడు. స్ప్రాకెట్ కదలకుండానే చక్రం రెండు వేళ్ల మేర కదులుతోంది. హబ్ విప్పితే లోపలి రబ్బర్లు అరిగిపోయి, అంచుల దగ్గర నల్లటి పొడి రాలింది. ఇంజిన్ లాగుడుకీ చక్రానికీ మధ్య దెబ్బ తగలకుండా కాసేవి ఆ రబ్బర్లే. థ్రాటిల్ బాడీలో సీతాకోకచిలుక రెక్కలా తిరిగే బిళ్ల చుట్టూ మసి ఉంగరం కట్టి ఉంది. చిటికెడు తెరిచినప్పుడు గాలి దూరేది సరిగ్గా ఆ సందులోంచే. దాన్ని క్లీనర్‌తో, మెత్తటి గుడ్డతో తుడిచాడు, ఎక్కడా గీకలేదు. కొత్త చైన్ సెట్టు, కొత్త రబ్బర్లు, కేబుల్ అడ్జస్ట్‌మెంటు. ఒక పూట పని.

రీమ్యాప్ గురించి నన్ను అడిగే ప్రతివాళ్లకీ నేను ముందు చెప్పేది ఈ పూట గురించే. సగం జర్కులు అక్కడే పోయాయి. అప్పటిదాకా నేను సాఫ్ట్‌వేర్ మీద నెట్టిన నింద సగం ఇనుముదీ రబ్బరుదీ.

మిగతా సగం మాత్రం అలాగే ఉంది. అది ఎక్కడుందో నాకు నా పనిలోంచే అర్థమైంది.

ఫీడ్ కంపెనీ మాకు ఒక చార్టు ఇస్తుంది. రొయ్య సగటు బరువు ఇంత ఉంటే లక్ష పిల్లకు రోజుకు ఇన్ని కిలోల మేత అని. ఈసీయూలో, అంటే ఇంజిన్ కంప్యూటర్లో, ఉండేదీ అలాంటి చార్టే. ఒక వైపు ఆర్పీఎం, ఇంకో వైపు థ్రాటిల్ ఎంత తెరిచి ఉందో. రెండూ కలిసే గడిలో ఒక అంకె, ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరిచి పెట్రోలు చల్లాలో. పక్కనే ఇంకో చార్టు, పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు ప్లగ్గు నిప్పు వేయాలో. సైలెన్సర్ బెండులో ఉండే ఆక్సిజన్ సెన్సార్ మా చెక్ ట్రే లాంటిది. మేత చల్లిన రెండు గంటలకు ట్రే ఎత్తి చూస్తాం. మిగిలితే తగ్గిస్తాం, ఊడ్చినట్టు ఉంటే పెంచుతాం. సెన్సార్ కూడా అంతే. కాలిన పొగలో ఆక్సిజన్ మిగిలి ఉంటే 0.1, 0.2 వోల్టులు చూపిస్తుంది, పెట్రోలు ఎక్కువైతే 0.8, 0.9. దాన్ని బట్టి ఈసీయూ కొంచెం పెంచుతూ, కొంచెం తగ్గిస్తూ మధ్యలో నిలబెడుతుంది. బండ్ల పొగ మీద బిఎస్6 నిబంధనలు 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చాయి. పొగలోని మూడు రకాల విషాలనూ కేటలిటిక్ కన్వర్టర్ ఒకేసారి విరగ్గొట్టాలంటే గాలీ పెట్రోలూ సరిగ్గా ఆ మధ్య గీత దగ్గరే ఉండాలి. అందుకే కంపెనీలు దాన్ని అంత గట్టిగా పట్టుకుంటాయి. ఆ విషయంలో నేను ఎవరినీ తప్పు పట్టను. ఆ పొగ పీల్చేది మా పిల్లలే.

కానీ చెక్ ట్రే చెప్పేది ఎప్పుడూ అయిపోయిన పూట సంగతే. ఉన్నట్టుండి మబ్బు కమ్మితే రొయ్య మేత మానేస్తుంది. ట్రే చూసేదాకా ఆగితే అప్పటికే మేత అడుగున కుళ్లుతుంటుంది. అనుభవం ఉన్న రైతు ఆకాశం చూసి చెయ్యి ఆపుతాడు. థ్రాటిల్ టక్కున తెరిచినప్పుడు ఈసీయూ కూడా సెన్సార్ మాట కోసం ఆగకుండా, ముందే అంచనా వేసి ఒక గుక్క పెట్రోలు ఎక్కువ ఇవ్వాలి. పాత కార్బ్యురేటర్లలో కొన్నిటికి దీని కోసమే యాక్సిలరేటర్ పంపు ఉండేది. నా బండిలో ఆ గుక్క చాలడం లేదు. పైగా థ్రాటిల్ పూర్తిగా మూసినప్పుడు ఇంజెక్టర్ అసలు పెట్రోలే ఆపేస్తుంది. ఇన్‌టేక్ గొట్టం గోడలకు అంటుకుని ఉండే తడి కూడా ఆరిపోతుంది. మళ్లీ తెరిచినప్పుడు మొదట పడిన పెట్రోల్లో కొంత ఆ గోడలను తడపడానికే పోతుంది. మొదటి పేలుడు బలహీనంగా, ఆ తర్వాతది గట్టిగా. 2500 ఆర్పీఎం దగ్గర సింగిల్ సిలిండర్ సెకనుకు దాదాపు 21 సార్లే పేలుతుంది. ఒకటి తేడాగా పేలితే కప్పిపుచ్చడానికి పక్కన ఇంకో సిలిండర్ లేదు. అది నేరుగా చైన్‌లోకి, అక్కడి నుంచి బంకమట్టిలోకి వస్తుంది.

మొదటిసారి నేను తొందరపడ్డాను. ఒక పెద్ద ఊళ్లో లాప్‌టాప్ పట్టుకుని రీమ్యాప్ చేసే ఒకతని దగ్గరికి పోయాను. స్టేజ్ వన్ అన్నాడు, అంటే పవరు పెంచే రెడీమేడ్ ఫైలు. పదిహేను నిమిషాల్లో ఫైలు ఎక్కించేశాడు. నేను ఎక్కడ నడుపుతానో అడగలేదు, పొగలో ఏ మీటరూ పెట్టలేదు, నా పాత ఫైలు దాచి ఇవ్వలేదు. కావలి దాకా హైవే మీద వస్తుంటే బండి రెక్కలొచ్చినట్టు పోయింది, ఆ రెండు గంటలూ నాకు నిజంగా సంతోషంగానే ఉంది. మర్నాడు గట్టు ఎక్కితే పాతదానికన్నా ఘోరం. చిటికెడు తిప్పితే గుప్పెడు వస్తోంది. లీటరుకు 29 ఇచ్చే బండి 24కి పడిపోయింది. వారం తర్వాత ప్లగ్గు విప్పితే పొయ్యి మీది కుండ అడుగులా మసి.

ఆ ఆదివారం నా భార్యను ఎక్కించుకుని కలిగిరి మీదుగా వింజమూరు, వాళ్ల పుట్టింటికి వెళ్లాను. ఊరొచ్చిన ప్రతిసారీ, గతుకు వచ్చిన ప్రతిసారీ తన హెల్మెట్ నా హెల్మెట్‌కు టక్కున తగులుతోంది. దిగాక నడుం పట్టుకుని, "ఈ బండిని ఏం చేయించావో గానీ, తిరిగి పొయ్యేటప్పుడు నేను బస్సులో వస్తా" అంది. బస్సులోనే వచ్చింది కూడా.

చెన్నైలో డైనో, అంటే బండిని రోలర్ల మీద నడిపి పవరు కొలిచే యంత్రం, ఉన్న ఒక షాపు గురించి అప్పుడు తెలుసుకున్నాను. అక్కడ ట్యూనింగ్ చేసే అబ్బాయిది సూళ్లూరుపేట. ఫోన్‌లోనే అడిగాడు, "అన్నా, ఏ ఆర్పీఎంలో ఇబ్బంది? ఏ గేరు? మూసి తెరిచేటప్పుడా, తెరిచి ఉంచినప్పుడా?" అని. ఆ మూడు ప్రశ్నలకే నాకు సగం నమ్మకం కుదిరింది. చీకట్లోనే బయల్దేరి, నెల్లూరు, గూడూరు, నాయుడుపేట దాటి, తడ దగ్గర టీ తాగి, పది లోపు చేరుకున్నాను. గట్టు మీద ఫోన్‌తో తీసిన వీడియో చూపిస్తే రెండుసార్లు చూశాడు, శబ్దం పెంచుకుని.

అదే సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఒరిజినల్ ఫైలు అతని దగ్గర ఉంది. ముందు బండిని దానికి తిప్పాడు. ఆ పని చేసేటప్పుడు బ్యాటరీకి ఛార్జరు తగిలించాడు. రాసే మధ్యలో వోల్టేజీ పడిపోతే ఈసీయూ పనికిరాకుండా పోవచ్చు. తర్వాత ఎగ్జాస్ట్‌లో వైడ్‌బ్యాండ్ సెన్సార్ పెట్టాడు. కంపెనీ సెన్సార్ ఎక్కువా తక్కువా అని మాత్రమే గట్టిగా చెప్పగలదు. ఇది ఎంత ఎక్కువో, ఎంత తక్కువో అంకెలో చెబుతుంది. అతను చూసేది లాంబ్డా అనే అంకె, ఒకటి అంటే సరిసమానం, ఒకటి దాటితే పెట్రోలు చాలనట్టు. పాత లెక్కలో పెట్రోలు ఒక పాలుకు గాలి 14.7 పాళ్లు అంటారు గానీ, ఇప్పుడు బంకుల్లో దొరికే ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుకు అది 13.5 దగ్గర ఉంటుందట. లాంబ్డాలో చూసుకుంటే ఏ పెట్రోలైనా ఒకటి ఒకటే. ఇంటర్నెట్‌లో దొరికిన ఫారిన్ ఫైలు తెచ్చి మన బండిలో వేయడం ఎందుకు ప్రమాదమో అప్పుడు తెలిసింది. సెన్సార్ మాట వినని గడుల్లో, అంటే థ్రాటిల్ బాగా తెరిచిన చోట, మన పెట్రోలుతో ఆ లెక్క చాలదు. ఇంజిన్ వేడెక్కి దెబ్బతినొచ్చు. మే నెల నెల్లూరు ఎండలో మరీ.

బండి రోలర్ల మీద రెండో గేరులో, 2500 దగ్గర నిలబెట్టాడు. థ్రాటిల్ మూసి, నాలుగు శాతం తెరిచాడు. స్క్రీన్ మీద గీత ఒక్కసారి 1.25 దాకా ఎగిరి, మళ్లీ దిగింది. కన్నార్పేంత సేపే. "ఇదే అన్నా నీ గట్టు" అన్నాడు. ఏడాదిగా నా నడుం చెబుతున్నది ఆ చిన్న గూనులో కనబడింది. అదే పనిగా పది పన్నెండుసార్లు చేయించి చూశాను.

ఇంకొకటి కూడా బయటపడింది. థ్రాటిల్ మూసినప్పుడు పెట్రోలు ఆపేసే హద్దు నా ఫైల్లో 2400 ఆర్పీఎం, మళ్లీ వదిలేది 2200. నేను రోజూ పని చేసేది సరిగ్గా ఆ గుమ్మం మీద. లోపలికీ బయటికీ ఊగుతూ ఉన్నాను. అతను దాన్ని 3200 దాకా జరిపాడు, మూసిన వెంటనే కాకుండా కాస్త ఆగి ఆపేలా చేశాడు. థ్రాటిల్ తెరిచినప్పుడు పడే అదనపు గుక్కను కొంచెం కొంచెం పెంచుతూ పోయాడు. గీత 1.05 దాటకుండా నిలిచేదాకా. ఇగ్నిషన్ చార్టులో పూర్తిగా మూసిన గడిలో 10 డిగ్రీలు, దాని పక్క గడిలోనే 24 ఉంది. చిటికెడు తెరవగానే నిప్పు అంత ముందుకు దూకితే బండీ దూకుతుంది మరి. మధ్యలో గడులు పెట్టి 10, 14, 18, 21, 24గా మార్చాడు, రేవు మెట్లు తీసేసి వాలు కట్టినట్టు.

పైన ఏదీ ముట్టుకోవద్దన్నాను. అతనూ అదే అన్నాడు. ఇంజిన్ గరిష్ఠంగా తిరిగే హద్దు, అంటే రెవ్ లిమిట్, అదే, ఫుల్ థ్రాటిల్ గడులు అవే, నిదానంగా పోయేటప్పుడు సెన్సార్ మాట వినే పద్ధతి అదే. డైనో మీద ఆఖరి పవరు గీత, పాత గీత పక్కపక్కన పెడితే చివర తేడా లేదు. చాలామందికి ఇది నచ్చదని అతనే చెప్పాడు. డబ్బు పెట్టాక పెద్ద అంకె కనబడాలి వాళ్లకు. నాకు కావలసింది కింద ఎడమ మూలన ఉన్న పాతిక ముప్పై గడులే.

కన్వర్టర్ తీయించలేదు, ఆక్సిజన్ సెన్సార్ పీకించలేదు. ఆ రెండూ తీసేయమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది కనబడతారు, వినకండి. తిరిగొచ్చాక పొల్యూషన్ పరీక్ష మళ్లీ చేయించాను, పాసైంది. వారంటీ ఉన్న బండికి ఇది చేయిస్తే ఇంజిన్ వారంటీ పోతుందనే అనుకోవాలి. నాది అప్పటికే అయిపోయింది. మైలేజీ 28. మూసినప్పుడు పెట్రోలు ఆగే హద్దు పైకి జరిగింది కాబట్టి ఆ ఒక్క కిలోమీటరు పోయింది. తెలిసే ఇచ్చాను.

మొదటి రాత్రి ఇస్కపల్లికే వెళ్లాను, పడిన మలుపు దగ్గరికే. రెండో గేరు, ఇరవై. మూశాను. మామూలుగా ఒళ్లు బిగపట్టుకునే చోట అలవాటుగా బిగపట్టుకున్నాను. బూడిదలో నిప్పు ఊదితే రాజుకున్నట్టు మెల్లగా లాగుడు మొదలైంది. ఎంత తిప్పితే అంత. ఇంకాస్త తిప్పితే ఇంకాస్త. మలుపు దాటాక ఆపి, ఇంజిన్ కట్టేసి, కాసేపు ఏరియేటర్ల చప్పుడు వింటూ నిలబడ్డాను. ఆ మలుపులో పడ్డ రోజు నుంచీ నాకు తెలియకుండానే భుజాలు ఎంత బిగించుకుని నడుపుతున్నానో అప్పుడు తెలిసింది.

తెల్లారాక వెనక్కి వస్తుంటే గట్టు మీద నా టైరు గుర్తు చూశాను. ఇదివరకు ప్రతి మలుపు దగ్గరా జానెడు మేర మట్టి గోక్కుపోయి ఉండేది. ఒక రైతు దాని మీద నాతో గొడవ కూడా పడ్డాడు, "నీ బండికి నా గట్టు కరిగిపోతా ఉండాది" అని. ఇప్పుడు తడి మట్టి మీద రెండు చక్రాల గుర్తూ ఒకదాని మీద ఒకటి, తాడు పరిచినట్టు. ఆ రైతును పిలిచి చూపించాను. వంగి చూసి, "ఈసారి కొత్త టైర్లేశావా?" అన్నాడు. కాదని చెప్పి, చెక్ ట్రే లెక్క మొత్తం వివరించాను. మబ్బు సంగతి దగ్గర తల ఊపాడు.

పాత ఫైలూ కొత్త ఫైలూ రెండూ రెండు పెన్‌డ్రైవుల్లో ఉన్నాయి, ఒకటి ఇంట్లో, ఒకటి మెకానిక్ భాయ్ దగ్గర. వింజమూరుకు మా ఆవిడ మళ్లీ బండి మీదే వస్తోంది. ఇంకా ఒక చిన్న పని మిగిలింది. చలికాలంలో తెల్లవారుజామున చల్లటి ఇంజిన్ మొదటి రెండు నిమిషాలూ ఐడ్లింగ్‌లో కొంచెం తడబడుతోంది. గుంటల రిజిస్టర్ వెనక పేజీలో రోజూ టైమూ, ఆ పూట గాలి వేడీ, ఎన్ని సెకన్లకు సర్దుకుందో రాసి పెడుతున్నాను. నెల రోజుల లెక్క అయ్యాక సూళ్లూరుపేట అబ్బాయికి పంపాలి.